‘ఒక్క సంతకం మేడమ్’ అంటూ క్లాసు మధ్యలో వస్తుంటే పిల్లల ధ్యాస నిలిచేదెలా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఈ ఏడాది తొమ్మిదో తరగతి ఇచ్చారు, 41 మంది పిల్లలు. పీరియడ్ 45 నిమిషాలు. పిల్లలు లెక్కలో పడి తల దించుకుని రాసుకుంటూ ఉంటారు, సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరో ఒకరు ప్రత్యక్షం. సర్క్యులర్ మీద సంతకం, మధ్యాహ్న భోజనాల లెక్క, ఫలానా అబ్బాయి వాళ్ల నాన్న వచ్చాడు, ఆధార్ జిరాక్స్ ఇవ్వనివాళ్లు లేచి నిలబడండి... ఆ తర్వాత క్లాసు మళ్లీ దారిలోకి రాదు. పైగా మా గది రోడ్డు వైపు. హెచ్ఎం గారికి చెబితే ‘అర నిమిషం పనికి ఇంత టెన్షన్ ఎందుకమ్మా’ అంటారు. పిల్లలు ఒళ్లు మరిచి లెక్క చేసే స్థితికి క్లాసును తీసుకెళ్లడం ఎలా? వచ్చినవాళ్లను ఆగమంటే పొగరు అనుకుంటారేమోనని భయంగా కూడా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు ఆ ‘అర నిమిషం’ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ హెచ్ఎం గారు ఒక్కరే కాదు, దాదాపు అందరూ అలాగే అనుకుంటారు, చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

నేను 29 ఏళ్లు లెక్కలు చెప్పాను. మధ్య బిందు సిద్ధాంతం చెప్పిన ఒక రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నిరూపణ బోర్డు మీద రాయకుండా, త్రిభుజం ఏబీసీ గీసి, ఏబీకి మధ్యలో డి, ఏసీకి మధ్యలో ఇ గుర్తుపెట్టి, డి, ఇ కలిపిన గీత బీసీకి సమాంతరమని మీరే చూపించండి అని పిల్లలకు వదిలేశాను. మీకు తెలిసిందే, అందులో కిటుకంతా బొమ్మలో లేని ఒక గీతలో ఉంది. సి నుంచి ఏబీకి సమాంతరంగా ఒక గీత గీసి, డిఇని దాని దాకా పొడిగిస్తే చాలు, ఆ పైన ఏకాంతర కోణాలు, శీర్షాభిముఖ కోణాలు, కో.భు.కో. (కోణం-భుజం-కోణం) నియమం, అన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. మూడో బెంచీలో ఒక అబ్బాయి ఉండేవాడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. చాలాసేపు బొమ్మ వంకే చూసి చూసి, మెల్లగా స్కేలు తీసి సరిగ్గా సి దగ్గర పెట్టాడు. పెన్సిల్ ఇంకా కాగితానికి ఆనలేదు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంతలో తలుపు దగ్గర ‘టీచర్, రిజిస్టరు’ అన్న మాట వినపడింది. వచ్చినవాళ్ల వెనకాలే ఇంకో సార్ కూడా ఉండటంతో పిల్లలంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పారు, వాడూ లేచాడు, స్కేలు జారి కింద పడింది. నేను సంతకం పెట్టడానికి పట్టింది పది సెకన్లు. వాడు స్కేలు తీసుకుని మళ్లీ కూర్చున్నాడు, బొమ్మ వంక చూశాడు, ఇక గీయలేదు. బెల్ కొట్టాక దగ్గరికి వెళ్లి అడిగితే ‘ఏదో తట్టింది టీచర్, పోయింది’ అన్నాడు.

పోయింది పది సెకన్లు కాదని నాకు ఆ రోజు అర్థమైంది. మనిషి మనసులో ఒక్కసారిగా పట్టి ఉంచుకోగలిగేవి మూడు నాలుగు విషయాలు, పెద్దవాళ్లకైనా అంతే. ఆ పిల్లాడు ఏ త్రిభుజాన్ని దేనితో పోల్చాలి, ఏ భుజం దేనికి సమానం, ఏ గీత లేదు అనేవి మూడూ ఒకదాని మీద ఒకటి జాగ్రత్తగా పేర్చుకుంటూ వచ్చాడు, అవి ఎక్కడా రాసి లేవు, వాడి తలలోనే ఉన్నాయి. ఒక్క పిలుపుతో అవన్నీ కూలిపోయాయి. తోడు పెట్టిన పాలను మాటిమాటికీ కదిపితే పెరుగు తోడుకోదు కదా, కదిపింది ఎంతసేపు అన్నది అక్కడ లెక్కే కాదు.

అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరపు ప్రభుత్వ బడుల్లో మాథ్యూ క్రాఫ్ట్, మాన్యుయెల్ మాంటీ-నస్‌బామ్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా మీ సమస్యనే లెక్కగట్టి 2021లో ప్రచురించారు. మైకులో ప్రకటనలు, తలుపు తట్టే సిబ్బంది, ఆలస్యంగా వచ్చే పిల్లలు, ఇలా బయటి నుంచి వచ్చే అంతరాయాలు ఒక మామూలు తరగతి గదికి ఏడాదికి 2,000కు పైనే అని, అవీ వాటి వెంట వచ్చే గందరగోళమూ కలిసి 10 నుంచి 20 రోజుల చదువును తినేస్తున్నాయని వాళ్లు అంచనా వేశారు. మన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది, అందులో 20 రోజులంటే ఎంతో మీరే చూసుకోండి. ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి ఉంది. ఈ అంతరాయాలు ఎన్నిసార్లు జరుగుతున్నాయో బడి నడిపేవాళ్లు చాలా తక్కువగా ఊహించుకుంటున్నారు. అంటే మీ హెచ్ఎం గారు మీ మాట కొట్టిపారేయడం లేదు, ఆఫీసు గదిలో కూర్చున్న మనిషికి అది కనపడదు, అంతే. ఆయన పంపేది ఒక్క సర్క్యులరే, క్లర్కు గారు అడిగేది ఒక్క జిరాక్సే, పీఈటీ సార్ పిలిచేది ఇద్దరు పిల్లల్నే, అవన్నీ కలిసి వచ్చి పడేది మాత్రం మీ తలుపు దగ్గర.

అందుకే, ఎవరితోనూ ఏమీ మాట్లాడకముందు ఒక వారం లెక్క రాయండి. టీచింగ్ డైరీ వెనక పేజీ చాలు. ఎవరు వచ్చారు, ఎందుకు, వాళ్లు వెళ్లాక పిల్లలు మళ్లీ రాయడం మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టింది, ఇవి ఒక ముక్కలో. చివర్లో ఇంకో గడి పెట్టండి, ‘బెల్ కొట్టేదాకా ఆగితే ఏమన్నా మునిగిపోయేదా?’ అని. నేను రాసినప్పుడు ఆ గడిలో అవును అని పడింది వారం మొత్తంలో ఒక్కటే, ఒక పిల్లకు జ్వరం వచ్చి వాళ్లమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. మిగతావన్నీ ఆగగలిగినవే. ఒక్క పీరియడ్‌లో అయిదుసార్లు వస్తే, ఒక్కోసారి మళ్లీ కుదురుకోవడానికి మూడు నిమిషాలే అనుకున్నా, మీ 45లో 15 పోయినట్టే. ఈ కాగితం ఫిర్యాదులా కాకుండా, ‘సార్, ఇలా ఉంది, ఒక్క పీరియడ్‌కి నాకు సాయం చేయండి’ అని చేతికివ్వండి. అన్ని పీరియడ్లూ ఆపమని అడగొద్దు, అది ఆయన వల్ల కాదు, ఎందుకంటే ఆయనకీ ఎంఈఓ ఆఫీసు నుంచి ‘ఇప్పుడే పంపండి’ అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్క మూడో పీరియడ్, బడి మొత్తానికి, ఎవరూ ఏ గదికీ వెళ్లకూడదు. అంతే అడగండి. అది కూడా కుదరదంటే మీ తొమ్మిదో తరగతికి మాత్రమే, రెండు వారాలు.

దాంతోపాటు రెండు మూడు చిన్న ఏర్పాట్లు చేసుకుంటే ఆయనకు ఒప్పుకోవడం తేలికవుతుంది. సర్క్యులర్ పుస్తకం గది గదికీ తిప్పకుండా ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్ బల్ల మీద పెడితే అందరూ అక్కడే సంతకాలు పెడతారు. భోజనాల లెక్క మొదటి పీరియడ్‌లో హాజరు అయిపోగానే క్లాస్ లీడర్ చీటీ మీద రాసి ఆఫీసులో ఇచ్చి రావచ్చు. తలుపు పక్కన మేకుకు ఒక గుడ్డ సంచి తగిలించండి, ఏ కబురైనా చీటీ రాసి అందులో వేసి వెళ్లిపోవచ్చు, బెల్ కొట్టగానే మీరే చూస్తారు. ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాల్సిన పనులు కూడా మీ లీజర్ పీరియడ్‌కి నెట్టండి. చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది, జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రమే మినహాయింపు. యాప్‌ల పనులు ఏ కోవలోకి వస్తాయన్నది మీరూ నేనూ తేల్చేది కాదు గానీ, అవి ఏ సమయంలో చేయాలన్నది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది.

పొగరు అనుకుంటారన్న భయం గురించి. రిజిస్టరు పట్టుకొచ్చే అటెండర్ మీకు శత్రువు కాదు, ఆయన్ని పంపితే వస్తున్నాడు. మెట్లెక్కి దిగి ఆరేడు గదులు తిరగడం ఆయనకేం సరదా కాదు. ఒక రోజు సాయంత్రం బడి అయిపోయాక ఆయన దగ్గరికి మీరే వెళ్లి, ‘అన్నా, మూడో పీరియడ్‌లో పిల్లలు లెక్క చేస్తుంటే మధ్యలో లేపాల్సి వస్తోంది, ఆ సంచిలో వేసి వెళ్లిపోతే నీకూ నాకూ సుఖం’ అని చెప్పి చూడండి. క్లాసు మధ్యలో అందరి ముందూ ‘తర్వాత రా’ అంటే అది పొగరే అవుతుంది, ముందు రోజు పక్కకు పిలిచి చెబితే మర్యాద.

ఇంకొకటి, ఎవరు వచ్చినా 41 మంది లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పే అలవాటు. మర్యాద నేర్పొద్దని నేను అనను. కానీ రాసుకునే సమయంలో మాత్రం లేవక్కర్లేదని హెచ్ఎం గారి చేతే పిల్లలకు చెప్పించండి, మీరు చెబితే వాళ్లు భయపడతారు. ఆ ఒక్క మార్పుకే మా క్లాసులో వచ్చిన తేడా నేను ఊహించలేదు, ఎవరైనా లోపలికి వచ్చి వెళ్లినా సగం మంది తలెత్తేవాళ్లు కాదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెబుతాను, మీ మేలు కోరే చెబుతున్నానని అనుకోండి. నేను ఆ వారం లెక్క రాస్తూ రాస్తూ, నాలుగో రోజు నా మీద కూడా టిక్కులు పెట్టుకున్నాను. బయటివాళ్లకంటే నేనే ఎక్కువసార్లు అడ్డుపడ్డాను. ‘అయిపోయిందా?’, ‘రెండో లెక్కకు వచ్చారా?’, ‘ఇంకా అయిదు నిమిషాలే ఉంది’, ‘అందరూ ఒకసారి ఇటు చూడండి, ఇక్కడ గుర్తు మార్చడం మర్చిపోతున్నారు’. వెనక బెంచీలో ఒకడు చేసిన తప్పు చూసి క్లాసు మొత్తాన్నీ ఆపడం. అంతా ప్రేమతోనే, పిల్లలు తప్పు చేయకూడదనే. కానీ లోపలికి మునిగిన పిల్లకు తలుపు దగ్గర గొంతూ, టీచర్ గొంతూ ఒకటే, ఇంకా చెప్పాలంటే టీచర్ గొంతే ఎక్కువ, ఎందుకంటే దాన్ని వినకుండా ఉండే స్వేచ్ఛ కూడా పిల్లకు లేదు.

కాబట్టి పీరియడ్‌ని మూడు ముక్కలు చేసుకోండి. మొదటి పది, పన్నెండు నిమిషాలు మీవి, చెప్పాల్సింది చెప్పేయండి, ఏం చేయాలో బోర్డు మీద పూర్తిగా రాసేయండి, ‘టీచర్, ఎన్నో లెక్క?’ అని ఎవరూ అడగాల్సిన పని లేకుండా. మధ్యలో 20 నిమిషాలు పిల్లలవి. చివరి పది, పన్నెండు అందరివీ, తప్పులు, సందేహాలు, బోర్డు దగ్గరికి పిలవడాలు అన్నీ అప్పుడే. ఆ మధ్య 20 నిమిషాలు మీరు గట్టిగా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. తిరుగుతూ ఉండండి, తప్పు కనపడితే ఆ వరస పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి వెళ్లిపోండి. చుక్క అంటే ‘ఇక్కడ మళ్లీ చూసుకో’ అని పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. ఎక్కడ తప్పో చెప్పొద్దు, వెతుక్కోనివ్వండి. చిక్కుకున్న పిల్ల చెయ్యెత్తి పిలవకుండా, నోట్సు మూలన ఒక సున్నా చుట్టి తర్వాతి లెక్కకు వెళ్తుంది, మీరు ఆ సున్నా చూసి పక్కన కూర్చుని గుసగుసగా మాట్లాడతారు.

చిన్న చిన్నవాటికి అడ్డుకట్ట ముందే వేసుకోవాలి. స్కేలు లేదు, పెన్సిల్ ముక్కు విరిగింది, రబ్బరు ఎవరో తీసుకున్నారు, ఇవన్నీ మీ బల్ల మీద ఒక డబ్బాలో పెట్టేయండి, అడగకుండా వచ్చి తీసుకుని, వెళ్లేటప్పుడు పెట్టేయాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లాడు తలుపు దగ్గర నిలబడి ‘మే ఐ కమిన్’ అనక్కర్లేదు, నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటాడు, ఎందుకు ఆలస్యమైందో బెల్ కొట్టాక అడుగుతారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, బాత్రూమ్‌కీ మంచినీళ్లకీ అడ్డు చెప్పొద్దు. ముఖ్యంగా ఆడపిల్లలకు. తలుపు దగ్గర ఒక చెక్క ముక్క పెట్టండి, అది చేతిలోకి తీసుకుని వెళ్లి వచ్చి మళ్లీ అక్కడే పెడితే చాలు, అనుమతి అడగక్కర్లేదు. అవసరాన్ని ఆపుకుంటూ కూర్చున్న పిల్ల మనసు లెక్క మీద ఎలా ఉంటుంది?

అయితే ఇదంతా చేశాక గది నిశ్శబ్దమైపోయిందని సంతోషపడి ఆగిపోకండి. గైడ్ చూసి ఎక్కించుకునే క్లాసు కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది. మీరు అడిగింది నిశ్శబ్దం కాదు, ఒళ్లు మరిచిపోయే స్థితి. దాని మీద జీవితమంతా పనిచేసిన మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్, 2021లో చనిపోయారు, కొండలెక్కేవాళ్లను, చదరంగం ఆడేవాళ్లను, సర్జన్లను, నాట్యం చేసేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి ఆయన తేల్చింది ఏమిటంటే, చేసే పని మనిషి సత్తాకు సరిగ్గా సరిపోవాలి, తేలికైతే విసుగు, మరీ కష్టమైతే కంగారు. రెండోది, చేయాల్సింది స్పష్టంగా ఉండాలి. మూడోది, సరిగ్గా వస్తోందా లేదా అన్నది చేస్తుండగానే తెలుస్తూ ఉండాలి. మీ 41 మందికీ ఒకే లెక్క ఇస్తే అందులో పదిమందికి విసుగు, ఇంకో పదిహేను మందికి కంగారు ఖాయం. ఒకే విషయం మీద మూడు మెట్లుగా లెక్కలు రాయండి, ఎక్కడ మొదలుపెట్టాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి. జవాబులు, దారి కాదు, ఒట్టి జవాబులు మాత్రమే, ఒక కాగితం మీద రాసి గోడకు అంటించేయండి. చేసి, వెళ్లి చూసుకుని, తప్పైతే తిరిగి వచ్చి కూర్చుంటారు. కాపీ కొడతారేమోనని మొదట్లో నేనూ భయపడ్డాను, దారి రాయకుండా జవాబు ఒక్కటే ఉంటే ఎందుకూ పనికిరాదని పిల్లలకే రెండు రోజుల్లో తెలిసిపోయింది.

మొదటి రోజే 20 నిమిషాలు పెట్టొద్దు. అలవాటు లేని పిల్లలకు అది చాలా పొడుగు. ఏడెనిమిది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి నాలుగైదు పెంచుకుంటూ పోండి. మొదటి వారం గుసగుసలు ఉంటాయి, నవ్వులు ఉంటాయి, మీకు విసుగు వస్తుంది, ఆ విసుగులో గట్టిగా అరిచారో మళ్లీ మొదటికే.

ఎంత చేసినా కొన్నిసార్లు ఎవరో ఒకరు వస్తారు, ఇన్‌స్పెక్షన్ వస్తుంది, తప్పదు. అప్పుడు తలుపు వైపు తిరిగే ముందు పిల్లలకు ఒక్క మాట చెప్పండి, ‘ఆగిన చోట గీత పెట్టి, తర్వాత ఏం చేయబోతున్నారో ఒక్క ముక్క రాయండి’ అని. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, సగంలో వదిలేసిన పని మనసులో కొంత అంటుకునే ఉండిపోతుందని చూపించారు. ఆమె తర్వాత చేసిన ఇంకో పరిశోధనలో, పని వదిలే ముందు ఎక్కడ ఆగామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసిపెట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని కూడా చూశారు. మా స్కేలు పిల్లాడి చేత ఆ రోజు ‘సి నుంచి గీత’ అని మూడు మాటలు రాయించి ఉంటే, అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. వచ్చినవాళ్లు వెళ్లాక మళ్లీ మొదటి నుంచి వివరించొద్దు, నిశ్శబ్దంగా నిలబడండి, వాళ్లే వెనక్కి వస్తారు.

మన పిల్లలకు తట్టుకునే శక్తి లేదు అనేవాళ్లు ఎదురైతే ఒక మాట చెప్పండి. అష్టావధానంలో ఘంట ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే మధ్యలో అడ్డుపడి ధ్యాస చెదరగొట్టడం, అయినా పద్యం పూర్తి కావాలి. ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి అది చేసి చూపిస్తే హాలు హాలంతా చప్పట్లు కొడతాం, అది అసాధారణం కాబట్టే కొడతాం. పద్నాలుగేళ్ల పిల్లల నుంచి రోజూ అదే ఆశించడం న్యాయం కాదు.

రోడ్డు సంగతి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. న్యూయార్క్‌లో ఒక బడి పక్క నుంచే పైన కట్టిన పట్టాల మీద రైళ్లు పోయేవి. ఆర్లైన్ బ్రాంజాఫ్ట్ 1975లో ప్రచురించిన అధ్యయనంలో పట్టాల వైపు గదుల్లో కూర్చునే పిల్లలు, అవతలి వైపు గదుల్లో పిల్లలకంటే చదవడంలో బాగా వెనకబడి ఉన్నారని తేలింది. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, గదుల్లో శబ్దం తగ్గించే పలకలు బిగించాక ఆ తేడా పోయింది. మీ బడిలో వెనక వైపు ఖాళీగా ఉన్న గదో, సామాన్లు పెట్టిన గదో ఉంటే మూడో పీరియడ్‌కి అయినా అక్కడికి మారగలరేమో చూడండి. కుదరకపోతే కనీసం రోడ్డు వైపు కిటికీ పక్కన కూర్చునే పిల్లలను వారానికోసారి మార్చండి, ఏడాది పొడుగునా ఆ హారన్ల మోత ఒకే పిల్లల నెత్తిన పడకుండా.

సోమవారం నుంచి ఆ టిక్కులు మొదలుపెట్టండి. హెచ్ఎం గారితో మాట్లాడాక ఏమన్నారో నాకు రాయండి, ఒప్పుకోకపోయినా రాయండి, ఇంకో దారి ఆలోచిద్దాం. మధ్య బిందు సిద్ధాంతం ఇంకా చెప్పి ఉండకపోతే మాత్రం దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి, మూడో పీరియడ్ నిలకడగా సాగడం మొదలైన రోజు కోసం ఉంచి, సి దగ్గరి గీత వాళ్ల చేతే గీయించండి.